సెమినార్‌కి డబ్బు కట్టే ముందు మీ షాపులో పాత హార్డ్ డిస్క్ తీయండి

ప్రొద్దుటూరు నుంచి ఒక నాన్నగారు రాశారు. ఆయనది డీటీపీ షాపు, ఇరవై రెండేళ్లుగా అదే పని. అమ్మాయి ఎం.ఏ. తెలుగు రెండో ఏడాది. ఏదో వీడియో చూసిన దగ్గర్నుంచి 'డిజిటల్ హ్యుమానిటీస్' అంటోందట, మొన్న రెండు రోజుల ఆన్‌లైన్ 'అంతర్జాతీయ సెమినార్' ఉందని 4,500 రూపాయలు అడిగింది. "తెలుగు చదివే పిల్లకు ఈ కంప్యూటర్ సెమినార్లతో ఏం పని? ఉద్యోగం వస్తుందా, డబ్బు దండగా? ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నది ఆయన ప్రశ్న.

ఉన్నదున్నట్టే చెబుతానండీ. ఆ 4,500 కట్టొద్దు, అమ్మాయిని మాత్రం ఆపొద్దు.

మీరు పంపిన బ్రోచర్ చూశాను. ఒకే సెమినార్‌లో సాహిత్యం, వాణిజ్యం, మేనేజ్‌మెంట్, వ్యవసాయం, ఆఖర్న డిజిటల్ హ్యుమానిటీస్. పేపరు పంపిన రెండు రోజుల్లో ఆమోదం, సర్టిఫికెట్ గ్యారంటీ. ఇలాంటి దాంట్లో నేనూ ఒకసారి డబ్బు కట్టి పేపర్ చదివాను. నాకు ముందు మాట్లాడినాయన కోళ్ల దాణా గురించి చెప్పారు, నేను వేమన గురించి చెప్పాను, ఇద్దరికీ చప్పట్లు ఒకేలా కొట్టారు, ప్రశ్న అడిగిన నాథుడు లేడు. ఆ సర్టిఫికెట్ ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలీదు.

ఇక అసలు విషయం. పేరు చూసి మీరు కంగారు పడుతున్నారు గానీ ఇందులో సగం పని మీకు తెలిసిందే. మీ షాపులో 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన ఫైలు ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే ఏమవుతుంది? ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు వస్తాయి కదా. కళ్లకు తెలుగులా కనబడినా కంప్యూటర్‌కు అది తెలుగని తెలీదు. దాన్ని ఏ కంప్యూటరైనా తెలుగుగా చదవగల యూనికోడ్‌లోకి మార్చి, మార్చినప్పుడు చెడిపోయిన ఒత్తులూ దీర్ఘాలూ దిద్ది, ఆ పాఠాన్ని వెతకడానికి, లెక్కించడానికి, పోల్చడానికి వీలుగా చేసి, ఆ తర్వాత సాహిత్యం గురించో చరిత్ర గురించో ఒక కొత్త ప్రశ్న అడగటం, ఇదంతా కలిపితే డిజిటల్ హ్యుమానిటీస్ అండీ. ఆ చివరి ప్రశ్న లేకపోతే మాత్రం అది ఉత్త డీటీపీయే (మిమ్మల్ని తక్కువ చేయడం లేదు, మీరు లేకపోతే ఆ ప్రశ్న అడగడానికి పాఠమే ఉండదు).

ఇది నిన్నమొన్న పుట్టిన ఫ్యాషన్ కూడా కాదు. రాబర్టో బూసా అనే ఇటలీ క్రైస్తవ గురువు 1949లో అమెరికా వెళ్లి ఐబీఎం అధిపతిని కలిసి, థామస్ అక్వినాస్ అనే మధ్యయుగపు క్రైస్తవ తత్వవేత్త రచనల్లో ప్రతి మాటా ఎక్కడెక్కడ వచ్చిందో చెప్పే సూచిక తయారుచేయడానికి యంత్రాలు ఇమ్మని అడిగాడు. కోటికి పైగా మాటలు, దాదాపు ముప్పై ఏళ్ల పని, అచ్చులో 56 సంపుటాలు. మన దేశంలో చూస్తే కోల్‌కతాలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం వాళ్లు 'బిచిత్ర' అని టాగూర్ రాతప్రతులు, ముద్రణలు అన్నీ 2013లో ఆన్‌లైన్‌లో పెట్టారు. ఒకే కవితను ఆయన ఎన్నిసార్లు ఎలా మార్చి రాశాడో పక్కపక్కన పెట్టి చూపించడానికి 'ప్రభేద్' అని ఒక ప్రోగ్రామ్ కూడా రాసుకున్నారు. మీ అమ్మాయిని ఒక గంట సేపు అది చూడమనండి. వేమన పద్యాల పాఠాంతరాలకు అలాంటిది ఉంటే ఎలా ఉంటుందా అని తనంతట తనకే అనిపించాలి. అనిపించకపోతే ఈ దారి తనది కాదేమో, అదీ తెలుసుకోవాల్సిందే.

ఖర్చు లేకుండా నేర్చుకోవడానికి 'ప్రోగ్రామింగ్ హిస్టారియన్' అనే సైట్ ఉంది, పాఠాలన్నీ ఉచితం, ప్రతి పాఠాన్నీ వేరే పరిశోధకులు పరీక్షించాకే పెడతారు. తెలుగులో లేవు, ఇంగ్లీషులో చదువుకోవాలి. 'వోయంట్ టూల్స్' అని ఇంకోటి, పాఠం పేస్ట్ చేస్తే ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో చూపిస్తుంది. తెలుగుకు వచ్చేసరికి ఇక్కడే అసలు చిక్కు. 'రాముడు', 'రాముడికి', 'రాముడితో', 'రాముడేమో' ఈ నాలుగూ దానికి నాలుగు వేర్వేరు మాటలు. సంధి కలిసిందంటే ఇక దాని పని అయిపోయినట్టే. ఇంగ్లీషుకు తయారైన పరికరం తెలుగు దగ్గర ఎక్కడ తడబడుతుందో చూడగలిగేది వ్యాకరణం చదివిన పిల్ల. కోడింగ్ మాత్రమే వచ్చిన కుర్రాడు ఆ లెక్కలు నిజమే అనుకుంటాడు. తెలుగు చదివి ఏం లాభం అని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఈ ముక్క చెప్పండి.

అభ్యాసానికి తెలుగు వికీసోర్స్ మంచి చోటు. స్కాన్ చేసిన పాత పుస్తకం పేజీ ఒక పక్క, ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు గుర్తుపట్టే ప్రోగ్రామ్) తీసిన పాఠం ఒక పక్క ఉంటాయి. ధ ఉన్నచోట థ, వు ఉన్నచోట మ, వ ఉన్నచోట ప పడి ఉంటాయి, అరసున్నలు మాయమై ఉంటాయి. ఒకరు దిద్దితే పేజీ పసుపు రంగు, రెండో మనిషి సరిచూస్తే ఆకుపచ్చ. ఒక వంద పేజీలు దిద్దిన అమ్మాయికి ఓసీఆర్ గురించి ఎవరూ సెమినార్ ఇవ్వక్కర్లేదు, తనే ఇస్తుంది.

సెమినార్లు దండగని నేననను. చేతిలో చిన్నదైనా సొంత పని పట్టుకుని వెళ్తేనే అవి ఉపయోగపడతాయి, లేకపోతే కాఫీ, గ్రూప్ ఫోటో. మన దేశంలో ఈ రంగంవాళ్ల సంఘం పేరు 'ధర్తి'. 2018లో ఇందోర్ ఐఐఎంలో సమావేశంతో మొదలైంది, వాళ్ల సమావేశాల ప్రకటనలు గమనిస్తూ ఉండాలి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతిక కేంద్రం వాళ్లు వేసవి శిక్షణ పెడుతుంటారు, అందులో లెక్కలు, కోడింగ్ ఎక్కువ, కాబట్టి ముందు ఆర్నెల్లు పైథాన్ అనే కోడింగ్ భాష నేర్చుకున్నాకే అటు చూడాలి. కెనడాలో 2001 నుంచి జరుగుతున్న డీహెచ్ఎస్ఐ వేసవి బడి, ఆక్స్‌ఫర్డ్ వేసవి బడి పేరున్నవే గానీ ఇప్పుడు అప్పుచేసి పంపాల్సినవి కావు. ఈ రంగంవాళ్లది ఏటా జరిగే ప్రపంచ సమావేశం 2023లో ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో, 2025లో లిస్బన్‌లో జరిగింది. పేపర్ ఆమోదం పొందిన కొత్తవాళ్లకు ప్రయాణ సహాయం ఇస్తారు, ఆ సంగతి గుర్తుంచుకుని రెండు మూడేళ్ల తర్వాత ప్రయత్నించవచ్చు.

చదువు కొనసాగించాలంటే గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం తనకు దగ్గరి దారి. జోధ్‌పూర్ ఐఐటీలో డిజిటల్ హ్యుమానిటీస్ పేరుతోనే ఎం.ఎస్సీ. ఉంది, అర్హతలు నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, ఎవరో చెప్పింది నమ్మొద్దు.

ఉద్యోగం మాటకొస్తే, 'డిజిటల్ హ్యుమానిటీస్ లెక్చరర్' అని మన రెండు రాష్ట్రాల్లో పోస్టు పడగా నేను చూడలేదు. లెక్చరర్ అర్హతకు రాసే యూజీసీ నెట్ పరీక్షలో ఆ పేరుతో పేపరే లేదు, తను తెలుగులోనే నెట్ రాయాలి, ఈ పేరు చెప్పి ఆ ప్రిపరేషన్ పక్కన పెడితే గట్టిగా తిట్టండి, నేను మీవైపే. కానీ 2022లో కేంద్రం మొదలుపెట్టిన భాషల అనువాద వేదిక భాషిణి, భారతీయ భాషలకు ఏఐ తయారుచేసే మద్రాసు ఐఐటీలోని ఏఐ ఫర్ భారత్, మైసూరు భాషా సంస్థలోని భాషా డేటా విభాగం లాంటి చోట్ల చేసే పనికి తెలుగు క్షుణ్ణంగా వచ్చి, ఒక పాఠాన్ని పద్ధతిగా గుర్తులు పెట్టి దిద్దగలిగే మనుషులు కావాలి. వీటిలో చాలావరకు కాంట్రాక్టు పనులు, ప్రాజెక్టుతో పాటే అయిపోతాయి. ఆ టెన్షన్ ఉంటుంది, లేదని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను.

మరి సొంత పని ఏం చేయాలి? మీ జిల్లాలోనే ఉంది. రెండు వందల ఏళ్ల కిందటి సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరుల్లాంటివాళ్లు ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయతుల్లో (ఊళ్ల చరిత్ర చెప్పే పాత రాతలు) కడప జిల్లావి అచ్చయ్యాయి, బస్సెక్కితే కడప బ్రౌన్ గ్రంథాలయం. అందులో ఒక్క తాలూకా తీసుకుని ఊళ్ల పేర్లు, చెరువులు, గుళ్లు, ఇనాములు ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకుని, క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మ్యాప్ మీద పెడితే చాలు. పేరు మారిన ఊరు ఏది, ఇప్పుడు లేని చెరువు ఏది అని పెద్దవాళ్లను అడగాల్సి వస్తుంది చూడండి, అక్కడి నుంచి పరిశోధన మొదలవుతుంది. ఆ మ్యాప్ పట్టుకుని ఏ సెమినార్‌కైనా వెళ్లనివ్వండి, అప్పుడు ఫీజు నేనే కట్టమంటాను.

రెండోది మీ షాపు. ఇరవై రెండేళ్లలో మీరు కొట్టిన శతకాలు, స్థలపురాణాలు, అవధానాల సంచికలు, ఇంకెక్కడా దొరకని ఊరి కవుల పుస్తకాలు ఆ పాత కంప్యూటర్‌లో ఉంటాయి కదా. వాటి జాబితా అమ్మాయిని రాయమనండి: ఏ ఏడాది, ఎవరిది, ఏ ఫాంటు. నెట్‌లో పెట్టేముందు రచయితనో వారసుల్నో అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల వరకు హక్కులు వాళ్లవే. జాబితాకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ 4,500లో కొంత పెట్టి ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొని ఈ వారంలోనే అన్నీ కాపీ చేయించండి. ప్రొద్దుటూరు ఎండల్లో ఆ పాత డిస్క్ ఇంకో వేసవి తట్టుకుంటుందని నాకు నమ్మకం లేదు.