హెపటైటిస్‌ సి మళ్లీ వచ్చింది.. ఇంకోసారి మందులు పనిచేస్తాయా?

ప్రశ్న: మావారికి 48 ఏళ్లు. హెపటైటిస్‌ సి ఉందంటే సోఫోస్‌బువిర్‌, వెల్పటాస్‌విర్‌ కలిసిన మాత్ర 12 వారాలు వాడారు. కోర్సు పూర్తయ్యాక వైరస్‌ లేదన్నారు. మూడు నెలలకు చేసిన పరీక్షలో మళ్లీ పాజిటివ్‌ వచ్చింది. లివర్‌ గట్టిపడిందని కూడా చెప్పారు. కామెర్లు, పొట్టలో నీరు లేవు. గ్యాస్‌కు రోజూ పాంటాప్రజోల్‌ వేసుకుంటారు. ఇక మందే లేదేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఓ సోదరి, ఖమ్మం

జవాబు: మందు ఉందమ్మా, భయపడకండి. ఒకసారి విఫలమైనా రెండోసారి చికిత్సతో ఎక్కువ మందికి నయమవుతోంది. వారానికో ఇంటర్‌ఫెరాన్‌ ఇంజెక్షన్‌ చొప్పున ఏడాది పాటు చేయించుకుని, జ్వరాలతో నీరసపడి, చివరికి వైరస్‌ పోని వాళ్లను నేను చూశాను. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు.

అయితే మొదట మీ రిపోర్టు ఒకసారి చూడండి. పాజిటివ్‌ వచ్చింది యాంటీబాడీ పరీక్షా, రక్తంలో వైరస్‌ ఎంతుందో చూసే వైరల్‌ లోడ్‌ పరీక్షా? వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు జబ్బు పూర్తిగా నయమైనా ఒంట్లో ఉండిపోతాయి. అది చూసి మళ్లీ వచ్చిందని కంగారుపడి వచ్చేవాళ్లు చాలామంది. వైరస్‌ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ వైరల్‌ లోడ్‌ పరీక్షలో కనిపిస్తేనే మందు విఫలమైనట్టు.

అదే నిజమైతే, కొత్త కోర్సు మొదలుపెట్టే ముందు కారణం వెతకాలి. మీ ఉత్తరంలో నాకు రెండు కనిపిస్తున్నాయి. ఒకటి పాంటాప్రజోల్‌. వెల్పటాస్‌విర్‌ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. గ్యాస్‌ మాత్ర ఆ ఆమ్లాన్ని తగ్గించేస్తుంది. ఇది వాడుతున్నట్టు ఆయన డాక్టరుకు చెప్పారో లేదో కనుక్కోండి. చాలామంది దీన్ని అసలు మందుగానే లెక్కేయరు. రెండోది లివర్‌ గట్టిపడటం, అంటే సిర్రోసిస్‌. మన దేశంలో ఎక్కువగా కనిపించే జీనోటైప్‌ 3 రకం వైరస్‌కు సిర్రోసిస్‌ తోడైతే 12 వారాల మాత్ర ఒక్కటే కొందరికి చాలదు. మధ్యలో మాత్రలు మానేశారా, ఫిట్స్‌కు గానీ టీబీకి గానీ మందులు వాడారా అన్నదీ చూడాలి.

ఇలాంటప్పుడు సాధారణంగా అదే మాత్రకు రైబావిరిన్‌ జోడించి 24 వారాలు ఇస్తారు. వోక్సిలాప్రెవిర్‌ కూడా కలిసిన మూడు మందుల మాత్ర 12 వారాలు వాడటం ఇంకో మార్గం. దాంతో నూటికి 90 మందికి పైగా వైరస్‌ పోతుంది. కానీ పొట్టలో నీరు చేరిన దశలో అది ఇవ్వకూడదు. ఏది మీవారికి సరిపోతుందన్నది లివర్‌ స్పెషలిస్టు పరీక్షలు చూసి నిర్ణయించాలి.

రైబావిరిన్‌తో రక్తం తగ్గుతుంది కాబట్టి హిమోగ్లోబిన్‌ తరచూ చూపించాలి. ఆయన ఆ మందు వాడుతున్నన్నాళ్లూ, ఆపాక ఆరు నెలల వరకూ మీరు గర్భం దాల్చకూడదు. మొదలుపెట్టే ముందే హెపటైటిస్‌ బి పరీక్ష తప్పనిసరి. అది ఉంటే ఈ చికిత్సలో తిరగబెట్టే ప్రమాదం ఉంది.

ఖర్చు గురించి వెనకాడకండి. 2018లో మొదలైన జాతీయ వైరల్‌ హెపటైటిస్‌ నియంత్రణ కార్యక్రమం కింద ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం.

మద్యం అలవాటు ఉంటే పూర్తిగా మానాలి. సిర్రోసిస్‌ ఉంది కాబట్టి వైరస్‌ పోయాక కూడా ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్‌ చేయిస్తూనే ఉండాలి. లివర్‌ క్యాన్సర్‌ మొదలైతే తొలిదశలోనే దొరుకుతుంది. మీరూ ఒకసారి పరీక్ష చేయించుకోండమ్మా. ఆయన బ్లేడు, నెయిల్‌ కట్టర్‌ వేరుగా ఉంచితే చాలు. కంచం, గ్లాసు వేరు చేయాల్సిన పనిలేదు.