ఇండియన్ అంటే ఏ గడిలో టిక్ పెట్టాలి?

అమెరికా స్కూల్ ఫారంలో జాతి ఏదని అడిగిన చోట మీ పాపకు 'అమెరికన్ ఇండియన్' అని టిక్ పెట్టేశానని, ఇప్పుడెలా అని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి. స్కూల్ ఆఫీసుకు ఈమెయిల్ పంపి 'ఏషియన్' అని మార్పించండి.

'అమెరికన్ ఇండియన్' అంటే చెరోకీ, నవాహో, లకోటా లాంటి అక్కడి మూలవాసులు. ఇండియాకే చేరానని కొలంబస్ పడ్డ పొరపాటు వాళ్లకు పేరుగా మిగిలిపోయింది. మనం చిన్నప్పుడు విన్న 'రెడ్ ఇండియన్లు' అనే మాట మాత్రం ఇంట్లో కూడా వాడకండి, వాళ్లను బాధపెట్టే మాట అది. ఏ తెగవాళ్లో తెలిస్తే ఆ పేరుతోనే చెప్పడం మంచిది.

మన పేరు కూడా తేలిగ్గా రాలేదండీ. 1923లో, పంజాబ్ నుంచి వెళ్లిన భగత్ సింగ్ థింద్ అనే ఆయన పౌరసత్వ కేసులో అమెరికా సుప్రీంకోర్టు మనవాళ్లు 'తెల్లవాళ్లు' కారని, పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1970 జనాభా లెక్కల్లోనేమో తెల్లవాళ్లలో కలిపేశారు! అక్కడి భారతీయ సంఘాలు పట్టుబట్టాక 1980 లెక్కల్లో 'ఏషియన్ ఇండియన్' గడి వచ్చింది. అది ఉన్న ఫారాల్లో దాన్నే ఎంచుకోండి. 'సౌత్ ఏషియన్' అంటే పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక వాళ్లూ వస్తారు, కాబట్టి ఉపఖండం మొత్తం గురించి మాట్లాడేటప్పుడు ఆ మాట సరిపోతుంది.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగిన చోట 'తెలుగు' అని రాయండి. దానివల్ల పాపకు ఇంగ్లిష్ పరీక్ష పెట్టొచ్చు, అయినా దాచకండి.