రైఫిల్ కేసులకు ఏ కందెన వాడాలి: స్ప్రేనా, మైనమా?

మీ ప్రశ్న ఇది: టెక్సాస్‌లో ఇంటి గ్యారేజీలో .308 విన్చెస్టర్ తూటాలను తిరిగి నింపుకోవడం కొత్తగా మొదలుపెట్టారు. దుకాణంలో కేసులకు, అంటే పేలిన తూటాల ఇత్తడి గుల్లలకు, ఉక్కు అచ్చులోకి నెట్టి కొలతకు తెచ్చే ముందు పూసే కందెనలు నాలుగు రకాలు కనిపించాయి: స్ప్రే, ప్యాడ్ మీద పోసే ద్రవం, ట్యూబులో వచ్చే ముద్ద, చిన్న డబ్బీలోని మైనం. తోటివారొకరు ఇంజిన్ ఆయిల్ చాలన్నారు. వీటిలో ఏది కొనాలి?

మొదటి ఏడాది డబ్బీ మైనమే వాడండి. ఈ పనిలో కందెన తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే. ఎంత పూశామన్నది వేలికి తెలియాలి, ఆ తెలివిడి మైనం ఇచ్చినంతగా మిగిలినవి ఇవ్వవు.

నేను డాలస్ దగ్గర ఆరేళ్లు ఉద్యోగం చేసిన రోజుల్లో పక్కింటి పెద్దాయన వద్ద ఈ పని నేర్చుకున్నాను. ఇప్పుడు బెంగళూరులో, పీణ్య పారిశ్రామికవాడలోని ఒక ప్రెస్ షాపులో ఇత్తడి రేకును డైలలో, అంటే ఉక్కు అచ్చులలో, సాగదీసే పని చూస్తున్నాను. ఇక్కడ చదివే మనవారికి ఒక మాట చెప్పాలి: అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మాలంటేనే కావాలి, మన దేశంలో మాత్రం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కాబట్టి నేను ఇక్కడికి వచ్చాక ఆ పని చేయలేదు, ఇత్తడితో సావాసం మాత్రం కొనసాగింది.

తూటా పేలినప్పుడు ఇత్తడి కేస్ ఉబ్బి తుపాకీ చాంబర్ (తూటా కూర్చునే గది) గోడలకు అంటుకుంటుంది. దాన్ని మళ్లీ అసలు కొలతకు తేవాలంటే ఉక్కు డైలోకి ప్రెస్‌తో బలంగా నెట్టాలి. తూటా కేసుల ఇత్తడిలో సుమారు 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉంటాయి. మా షాపులో లోతుగా సాగదీసే భాగాలకు వాడేదీ ఇదే, దాని పేరే కార్ట్రిడ్జ్ బ్రాస్. ఇది బాగా సాగే లోహం. అయితే ఉక్కుకూ దీనికీ మధ్య పొర తెగిందంటే డై గోడను కరచిపట్టుకుంటుంది. నిటారుగా ఉండే పిస్తోలు కేసులకు చాలా గట్టిదైన కార్బైడ్ డై వాడితే కందెన లేకుండానే పని జరిగిపోతుంది కానీ, పైన సన్నటి మెడా, దాని కింద వాలుగా భుజమూ ఉన్న రైఫిల్ కేసుకు డై కార్బైడ్‌దైనా కందెన తప్పదు.

ఇంజిన్ ఆయిల్ వద్దనడానికి కారణం ఇక్కడే ఉంది. ఇంజిన్‌లో అది తిరిగే భాగాల మధ్య పారుతూ పనిచేసే నూనె; కేస్ డైలోకి దూరేటప్పుడు పుట్టే ఒత్తిడికి పలుచని నూనె పక్కకు తప్పుకుంటుంది. ఊళ్లో ఎడ్లబండి ఇరుసుకు పెట్టే కందెన చిక్కగా, జిగటగా ఎందుకుండేదో తలచుకుంటే ఈ సంగతి వెంటనే బోధపడుతుంది. పైగా కేస్ లోపల మిగిలిన నూనె ప్రైమర్‌నూ (కేస్ అడుగున ఉండి నిప్పు రగిలించే బిళ్లను) తూటా మందునూ పాడుచేయగలదు.

స్ప్రే గురించి నా అనుభవం చెబుతాను. చాలా స్ప్రేలలో కందెన ఒక ఆవిరయ్యే ద్రావకంలో కలిసి ఉంటుంది, ఆ ద్రావకం పూర్తిగా ఆరిన తరువాతే పొర నిలుస్తుంది. నేను కేసులను ట్రేలో నిలబెట్టి, ఒక వైపు నుంచే కొట్టి, ఆరనివ్వకుండా మొదలుపెట్టాను. మూడో కేస్ దగ్గర హ్యాండిల్ బరువెక్కింది. అప్పుడే ఆగి, నెమ్మదిగా వెనక్కి తీసి, మళ్లీ పూసి ఉండవలసింది. ఇంకొంచెం బలం పెట్టాను. కేస్ డైలో ఇరుక్కుపోయింది, హ్యాండిల్‌ను పైకి లాగితే కేస్ అంచు చిరిగి, దాన్ని పట్టి ఉంచే షెల్ హోల్డర్‌లోనే మిగిలిపోయింది. పెద్దాయన డైని ప్రెస్ నుంచి విప్పి, పాత ప్రైమర్‌ను పొడిచి తీసే డీక్యాపింగ్ కడ్డీని వీలైనంత దూరంగా తిప్పి, కేస్ అడుగున ప్రైమర్ గుంట మధ్యగా రంధ్రం చేసి, పావు అంగుళం ట్యాప్‌తో మరలు కోసి, బోల్టు బిగించి బయటికి లాగారు. సాయంత్రమంతా దానికే సరిపోయింది. తప్పు స్ప్రేది కాదు, తొందరది. కానీ కొత్తవారికి తొందర ఉంటుంది, పొర ఆరిందో లేదో కంటికి కనబడదు. అందుకే స్ప్రేను తరువాతి మెట్టుగా ఉంచుకోమంటున్నాను.

ప్యాడ్ ద్రవంతో ఎదురయ్యే చిక్కు దీనికి తలకిందులు. కేసులను ప్యాడ్ మీద దొర్లిస్తే అవసరానికి మించి అంటుకుంటుంది. మిగులు భుజం దగ్గర డై గోడకూ ఇత్తడికీ మధ్య చిక్కుకుంటుంది. ద్రవం నలిగి చిన్నదికాదు కనుక ఇత్తడే లోపలికి సొట్టపోతుంది. చిన్న సొట్ట మళ్లీ పేల్చినప్పుడు సర్దుకుంటుంది, మడతలా పదునుగా దిగినదాన్ని మాత్రం పారేయండి. డైకి గాలి రంధ్రం ఉంటే దాన్ని అప్పుడప్పుడు శుభ్రం చేయడం మరవకండి. ట్యూబు ముద్ద మంచిదే, నీటితో కడిగితే పోతుంది.

మైనం పూసే తీరు ఇది: వేలి కొసతో డబ్బీని తాకి, బొటనవేలితో కలిపి రుద్ది, కేస్ మొండాన్ని ఆ వేళ్ల మధ్య ఒకసారి దొర్లించండి. అడుగు భాగానికి కొంచెం పైన తప్పకుండా తగలాలి, ఎందుకంటే చివరి ఒరిపిడంతా అక్కడే. మెడకు పలుచగా, భుజానికి అసలు వద్దు. ఇత్తడి మీద మెరుపు కనిపించాలి కానీ మైనం తెల్లగా కనిపించకూడదు. మూడు నాలుగు కేసులకు ఒకసారి డబ్బీని తాకితే చాలు. హ్యాండిల్ ఏ మాత్రం బరువనిపించినా ఆగండి. మెడ లోపలి వైపునూ వదలకండి: మెడ లోపలి కొలతను సరిచేసే ఎక్స్‌పాండర్ బంతి వెనక్కి వచ్చేటప్పుడు పొడిగా ఉన్న మెడను లాగి సాగదీస్తుంది, దానితో కేస్ పొడవూ మెడ నిటారుతనమూ చెడతాయి. నైలాన్ బ్రష్‌తో పొడి మైకానో గ్రాఫైటునో తాకిస్తే సరిపోతుంది.

ఒక పూట వందల కేసులు చేయవలసి వచ్చే రోజుకు లానోలిన్ ఉంది. అది గొర్రె ఉన్నిలోని సహజమైన మైనం; మా అనంతపురం వైపు ముతక గొంగడి మీద వాన చుక్క నిలవకుండా జారిపోవడంలో దాని పాలు ఉంది. ఒక పాలు ద్రవ లానోలిన్‌కు పది, పన్నెండు పాళ్ల 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి స్ప్రే సీసాలో పోసుకుంటారు. 70 శాతంది వద్దు, దానిలోని నీటి వల్ల లానోలిన్ సరిగా కరగదు. మంట దగ్గర కలపకండి, గాలి ఆడేచోట కలపండి, పూసిన తరువాత పూర్తిగా ఆరనివ్వండి.

డై పని అయ్యాక ప్రతి కేస్ మీదా మిగిలిన కందెనను తీసేయాలి. దీనిలో మినహాయింపు లేదు. పొడి కేస్ పేలినప్పుడు చాంబర్ గోడను పట్టుకుని వెనకకు తోసే బలాన్ని కొంత తాను మోస్తుంది. జిడ్డు ఉంటే ఆ పట్టు తగ్గి భారం చాంబర్‌ను వెనక నుంచి మూసే తుపాకీ బోల్టు మీద పడుతుంది. మైనమైతే పొడిగుడ్డతో గట్టిగా తుడవండి, ఎక్కువ కేసులుంటే మొక్కజొన్న కంకి పొట్టుతో పాటు టంబ్లర్‌లో (కేసులను దొర్లించి శుభ్రం చేసే యంత్రంలో) వేసి తిప్పండి, తరువాత అడుగున ఉన్న రంధ్రంలో పొట్టు గింజ ఇరుక్కుందేమో ఒక్కొక్కటిగా వెలుతురుకు పెట్టి చూసి, ఆ తరువాతే కొత్త ప్రైమర్ నొక్కండి.