పేద దేశాలకు రాకెట్లెందుకు? పీణ్య షెడ్డులోంచి నా జవాబు

కోట్లమందికి మంచినీళ్లు, ఆసుపత్రి సరిగా అందని దేశాలు అంతరిక్షం మీద డబ్బు పెట్టడం న్యాయమేనా అని అడిగారు. న్యాయమే అంటాను, పెట్టి తీరాలంటాను. కాకపోతే ఏది ముందు, ఏది వెనక అన్న విషయంలో నాకు గట్టి పట్టింపు ఉంది. అది ఎందుకో తెలియాలంటే మా ఊరి దగ్గర మొదలుపెట్టాలి.

మాది దివిసీమ, నాగాయలంక దగ్గర ఒక పల్లె. పద్దెనిమిదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. ఇక్కడి పారిశ్రామిక పేట పీణ్యలో నేనూ మా బావమరిదీ కలిసి ఇరవైమందితో లోహపు పార్టులు కోసి తయారుచేసే ఒక చిన్న మెషినింగ్ షాపు నడుపుతున్నాం. మేం చేసే పనిలో మూడోవంతు ఉపగ్రహాల్లోకి వెళ్లే పార్టులు. అందుకని ఈ ప్రశ్న నాకు రెండు వైపుల నుంచీ తగులుతుంది.

1977 నవంబరు 19, శనివారం. అప్పటికి మా నాన్నకు పదిహేనేళ్లు. నాయనమ్మ ఆ రోజు గురించి ఎప్పుడు చెప్పినా ఉప్పెనతో కాదు, గాలితో మొదలుపెట్టేది. తాటాకు ఇల్లు కప్పుతో సహా లేచిపోయిందట. ఆ తర్వాత సముద్రం ఊళ్లోకి వచ్చింది. మా నాన్న తెల్లవార్లూ ఒక తుమ్మచెట్టును పట్టుకుని ఉన్నాడు. ముళ్లు గీరిన మచ్చలు ఇప్పటికీ ఆయన ముంజేతుల మీద తెల్లటి గీతల్లా కనిపిస్తాయి. చొక్కా చేతులు మడవమంటే మడవడు. మా మేనత్తలు ఇద్దరూ ఆ రాత్రే పోయారు. సుమారు 10,000 మంది చనిపోయారని సర్కారు లెక్క. అంతకంటే ఎక్కువే అని మా వైపు అందరూ అంటారు. తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు గానీ ఏ తీరానికి, ఏ వేళకు, ఎంత ఎత్తు నీరు అన్న కబురు మా పల్లెదాకా రాలేదు.

అప్పటికే మన దేశానికి ఒక ఉపగ్రహం ఉంది. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్టను సోవియట్ రాకెట్ పైకి తీసుకెళ్లింది. 360 కిలోల ఆ ఉపగ్రహాన్ని శాస్త్రవేత్త యు.ఆర్.రావు గారి బృందం కట్టింది ఇక్కడే, పీణ్యలోని షెడ్లలో. రోజూ పొద్దున్నే నేను బండి మీద వచ్చే పేటే అది. రెండు రూపాయల నోటు వెనక దాని బొమ్మ అచ్చువేశారు. నాయనమ్మ ఆ నోట్లు కొంగున ముడేసుకునేది, ఆ బొమ్మ ఏమిటో ఆమెకు తెలియదు. ఆమె బిడ్డల్ని కాపాడటానికి ఆర్యభట్ట చేయగలిగింది కూడా ఏమీ లేదు. అది తుఫానుల్ని చూసే ఉపగ్రహం కాదు. మీరు అడిగిన ప్రశ్న 1977 డిసెంబరులో మా ఊళ్లో ఎవరైనా అడిగి ఉంటే దండగ ఖర్చు అనే అందరూ అనేవాళ్లు. వాళ్లని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

పదమూడేళ్ల తర్వాత, 1990 మే 9న, మళ్లీ ఒక తుఫాను కృష్ణ సముద్రంలో కలిసే చోటికే వచ్చింది. బలంలో 1977 దానికి తీసిపోనిది. అప్పుడు నాకు ఏడేళ్లు. ముందురోజే జీపు ఊరంతా తిరిగి మైకులో చెప్పింది. అమ్మ నన్నూ చెల్లినీ తీసుకుని హైస్కూలు మేడలోకి వెళ్లింది. నాన్న అందరికంటే ముందు మూట కట్టాడు. గేదెల పలుపులు విప్పి వదిలేశాడు. రాత్రంతా బెంచీల మీద జనం, తడి గోనెసంచుల వాసన, కిటికీ రెక్క కొట్టుకునే చప్పుడు. ఆ తుఫాను మొత్తం మీద పోయినవాళ్లు వెయ్యి లోపే. ఆ వెయ్యీ చిన్న సంఖ్య కాదు. కానీ మా ఇంట్లో ఎవరూ పోలేదు.

ఈ మధ్యలో మారిందేమిటి? 1983లో ఇన్శాట్-1బి అనే మన ఉపగ్రహం పైకి వెళ్లింది. బంగాళాఖాతం మీద మేఘాల్ని రాత్రీ పగలూ ఒకేచోట నుంచి చూసే కన్ను దొరికింది. అదే ఉపగ్రహాల ద్వారా తీరం వెంట ఉన్న ఆఫీసుల్లో పెట్టిన రిసీవర్లకు నేరుగా హెచ్చరిక పంపే పద్ధతి వచ్చింది. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత స్థానిక భాషలో గొంతు వినిపిస్తుంది. టెలిఫోన్ స్తంభాలు కూలినా ఆ కబురు ఆగదు. ఉపగ్రహమే కాపాడిందని నేననను. 1977 దెబ్బ తిన్న అధికారులు, తర్వాత కట్టిన తుఫాను షెల్టర్లు, జీపులో తిరిగిన ఆ ఉద్యోగి, భయం ఎరిగిన మా నాన్నలాంటి వాళ్లు, అందరూ కలిస్తేనే అది జరిగింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. 1999 అక్టోబరులో ఒడిశా మీదికి వచ్చిన సూపర్ సైక్లోన్‌ని కూడా మన ఉపగ్రహాలు చూశాయి. అయినా దాదాపు 10,000 మంది పోయారు. చూపు ఉంది, కింద షెల్టర్లు చాలలేదు, జనాన్ని కదిలించే ఏర్పాటు చాలలేదు. అదే ఒడిశాలో 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు సుమారు పది లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్ల లెక్క పదుల్లోనే ఆగింది. ఈ రెండు తుఫానుల మధ్య తేడా ఆకాశంలో కంటే నేల మీదే ఎక్కువ ఉంది. నా పట్టింపంతా ఇక్కడే. పైకి ఏం పంపామన్నది సగం పని. ఆ కబురు ఏ గుమ్మం దాకా వచ్చిందన్నది మిగతా సగం. రెండో సగానికి డబ్బు, మనుషులు కేటాయించని దేశం మొదటి సగాన్ని కూడా పోగొట్టుకున్నట్టే.

ఇక డబ్బు లెక్క. 2024-25 కేంద్ర బడ్జెట్ దాదాపు 48 లక్షల కోట్లు. అందులో అంతరిక్ష శాఖకు సుమారు 13,000 కోట్లు. వంద రూపాయలకు ముప్పై పైసలు కూడా కాదు. అదే ఏడాది ఉపాధి హామీకి 86,000 కోట్లు కేటాయించారు. ఆ ముప్పై పైసలు తీసి ఆసుపత్రుల్లో వేస్తే ఆసుపత్రులు బాగుపడిపోతాయని నేను నమ్మను. మన ఆసుపత్రుల్లో డాక్టరు లేని కుర్చీలకు కారణం రాకెట్లు కావు.

చంద్రయాన్-3కి 615 కోట్లు చంద్రుడి మీద పోసి వచ్చారని కొందరంటారు. ఆ డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో మా షెడ్డుకు వస్తే చూపిస్తాను. మాకు వచ్చే బ్రాకెట్ అరచేతిలో ఇముడుతుంది. అయిపోయాక బరువు వంద గ్రాములు కూడా ఉండదు. దానికోసం కిలోన్నర అల్యూమినియం దిమ్మె తీసుకుంటాం, మిగతాదంతా తొలిచి పారేయడమే. గోడలు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. ఒకేసారి చివరి కొలత దాకా కోస్తే, అంటే ఫినిష్ కొడితే, లోహం లోపలి బిగువు విడి పార్టు వంకరపోతుంది. అందుకే ముందు ముతకగా రఫ్ కొట్టి, రెండు రోజులు పక్కన పెట్టి, అప్పుడు ఫినిష్ కొడతాం. డ్రాయింగ్‌లో ఇచ్చిన టాలరెన్స్, అంటే కొలతలో ఒప్పుకునే తేడా, ఇరవై మైక్రాన్లు, మీ తలవెంట్రుక మందంలో మూడోవంతు కూడా కాదు. దిమ్మె ఏ పోతలో వచ్చిందో చెప్పే హీట్ నంబరు ఏదో, ఏ రోజు ఏ మెషిన్ మీద ఎవరు కొట్టారో కాగితం మీద ఉండాలి. మొదటి ఏడాది పన్నెండు పీసులు చేసి తీసుకెళితే ఇన్‌స్పెక్టర్ భూతద్దం పెట్టి ఒక మర బెజ్జం అంచున కోతలో మిగిలిపోయిన సన్నటి లోహపు పొలుకు, మేం బర్ అనేది, చూశాడు. ఆ ఒక్క దాని కోసం పన్నెండూ వెనక్కి వచ్చాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన మాత్రం మెల్లగా, “పైకి వెళ్లాక ఈ బర్ ఊడి ఏ వైరింగ్ మధ్య పడుతుందో మీరు వెళ్లి తీయలేరు కదండీ” అన్నాడు. ఐటీఐ చదివి మా దగ్గర చేరిన కుర్రాళ్లు ఆ రోజు నేర్చుకున్నది ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ కాగితాలూ ఆ పనితనమూ చూసే తర్వాత విరిగిన ఎముకలకు బిగించే టైటానియం ప్లేట్ల పని మాకు వచ్చింది. ఒక పేద దేశం ఈ పని మొదలుపెడితే దానికి దక్కే ఆస్తి ఇలాంటి చేతులే.

అయితే ఈ గొలుసులో చివర ఉన్నవాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. మేం ఒక పెద్ద కంపెనీ కింద సబ్ కాంట్రాక్టు చేస్తాం. సరుకు పాసయ్యాక కూడా ఒకసారి ఐదు నెలలు బిల్లు రాలేదు. జీతాల కోసం మా ఆవిడ గాజులు కుదువ పెట్టాను. చిన్న షాపులకు సమయానికి డబ్బు అందించలేని అంతరిక్ష కార్యక్రమం తన కాళ్లను తానే నరుక్కుంటుంది.

ఇప్పుడే మొదలుపెడుతున్న దేశాల మాటకొస్తే, నా మటుకు వరస ఇది. ముందు ఉపగ్రహాలు తీసిన బొమ్మలు చదివే మనుషుల్ని తయారుచేసుకోవాలి. అమెరికా వాళ్ల లాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి ఎవరికైనా ఉచితమే, కొనక్కర్లేదు. తర్వాత చిన్న ఉపగ్రహం, అదీ మన ఇంజనీర్లు కూర్చుని నేర్చుకుంటూ కట్టేది. నైజీరియా 2003లో పంపిన నైజీరియాశాట్-1 అలాంటిదే. బ్రిటన్‌లో కడుతుంటే నైజీరియా ఇంజనీర్లు పక్కనే ఉండి నేర్చుకున్నారు. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను వచ్చినప్పుడు ఆ ఉపగ్రహం తీసిన చిత్రాలు కూడా పనికొచ్చాయి. అదే దేశం 2007లో చైనా చేత కట్టించి పంపిన సమాచార ఉపగ్రహం ఏడాదిన్నరకే పాడైంది, 2011లో దాని బదులు ఇంకొకటి పంపాల్సి వచ్చింది. పాడవడం ఎవరికైనా జరుగుతుంది, ఉపగ్రహాన్ని పైకి తీసుకెళ్లే మన మొదటి రాకెట్ ఎస్‌ఎల్‌వీ కూడా 1979లో సముద్రంలోనే పడింది. కానీ మనది పడినప్పుడు ఎందుకు పడిందో తెలిసినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. మరుసటి ఏడాదే రోహిణి ఉపగ్రహాన్ని ఎక్కించగలిగారు. చంద్రుడు, అంగారకుడు ఈ వరసలో చివర రావాలి. మనకూ అలాగే వచ్చాయి, రాకెట్లు మొదలైన 1963 నుంచి మొదటి చంద్రయాన్‌కి నలభై అయిదేళ్లు పట్టింది.

నన్ను బాగా ఆలోచింపజేసిన మాట మాత్రం మా షెడ్డులోనే పుట్టింది. 2023 ఆగస్టు 23 సాయంత్రం మెషిన్లు ఆపేసి అందరం ఒక ఫోన్ చుట్టూ చేరాం. ఆరు గంటలు దాటి నాలుగు నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగింది. అందరం అరిచాం, పక్క షెడ్డులో కన్నడం వాళ్లు టపాకాయలు కాల్చారు. మడకశిర పక్క పల్లె నుంచి వచ్చిన హెల్పర్ కుర్రాడు ఒకడున్నాడు. టీ తాగుతూ నా దగ్గరికి వచ్చి అడిగాడు.

“అన్నా, ఒక మాట అడుగుతా, తప్పనుకోవద్దు. సందమామ మీద నీళ్లుండాయని కోట్లు పెట్టి కనుక్కున్నారే, మా చేన్లో నీళ్లు యాడుండాయో చెప్పేవాళ్లు లేరే? మా నాయన మూడు బోర్లేయించినాడు. మూడూ ఎండినవే. నాలుగోదానికి అప్పు చేస్తానంటాండాడు.”

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా వీధి చివర భూగర్భ జలశాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. ఆదివారం వెళ్లి ఆయన్ని అడిగాను. ఆయన చెప్పింది విని సిగ్గుపడ్డాను. తాగునీటి పథకం కోసం మన ఉపగ్రహ చిత్రాల ఆధారంగా భూగర్భ జలాల మ్యాపులు తయారుచేయడం 1999 ప్రాంతంలోనే మొదలైందట. మొదటి విడత రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఉన్నాయి. ఇస్రో వాళ్ల మ్యాపుల వెబ్‌సైటు భువన్‌లో ఎవరైనా చూడొచ్చు. ఏ రాతి నేల, పగుళ్లు ఎటు పోతున్నాయి, నీరు దొరికే వీలెంత, వాననీరు ఇంకించే కట్టడాలు ఎక్కడ కట్టొచ్చు, అన్నీ రంగుల్లో ఉంటాయి. ఆ కుర్రాడి ఊళ్లో మాత్రం ఇప్పటికీ అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్లు చెప్పే మనిషికి రెండు వేలిచ్చి, ఆయన చూపించిన చోటే బోరు వేస్తున్నారు. మ్యాపు తయారై అన్నేళ్లైనా, దాన్ని పట్టుకుని ఆ ఊరి రచ్చబండ మీద కూర్చుని చదివి చెప్పే ఒక్క మనిషిని ఎవరూ పంపలేదు. నాకు కోపమొచ్చేది ఇక్కడే. రాకెట్ కోసం పెట్టిన ఖర్చు నాకు బాధ కలిగించదు, ఈ ఒక్క మనిషి జీతం దగ్గర చేసిన పిసినారితనం బాధ కలిగిస్తుంది.

తర్వాతి ఆదివారం ఆ కుర్రాణ్ని పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. కంప్యూటర్ తెర మీద వాళ్ల ఊరి చెరువు కట్ట పట్టుకుని, దాన్నుంచి బండ్లదారి, దారి నుంచి వాళ్ల చేను వెతికారు. ఈ మ్యాపులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అరకిలోమీటరు, ఇక్కడే తవ్వమని చెప్పదు బాబూ అని ముందే చెప్పారు. వాళ్ల చేను ఉన్నది గట్టి రాతి మీద, దగ్గరలో పగులు ఏదీ లేదు. “నాలుగోది కూడా ఎండేదే అయ్యే అవకాశం ఎక్కువ, మీ నాన్నకు చెప్పు” అన్నారు. ఆ పక్కనే వంక, అంటే వాగు, మీద నీరు ఇంకించడానికి పనికొచ్చే చోటు ఒకటి గుర్తుపెట్టి చూపించారు.

కుర్రాడు ఆ తెర ఫొటో తీసుకుని ఊరికెళ్లాడు. వాళ్ల నాన్న మొదట నమ్మలేదట. మూడు ఎండిన బోర్లూ మ్యాపులో ఒకే రంగు మీద ఉన్నాయని కొడుకు వేలు పెట్టి చూపించాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. నాలుగో బోరు వేయలేదు. దానికోసం మాట్లాడుకున్న లక్షా ఇరవై వేల అప్పూ తీసుకోలేదు. వంక దగ్గర కట్ట కోసం పంచాయతీలో అర్జీ ఇచ్చారు, ఇంకా అది తేలలేదు. పోయిన సంక్రాంతికి ఊరి నుంచి వచ్చేటప్పుడు మా ఇంటికి గంపెడు చింతకాయలు తెచ్చాడు.