పొగిడితే విన్నారు, నిలదీస్తే మైకు ఆపేశారు!

ప్రశ్న: నమస్తే మేడం. మేం బే ఏరియాలో ఒక చిన్న ఊళ్ళో 11 ఏళ్ళుగా ఉంటున్నాం. మా పాప స్కూలు ముందు రోడ్డు దాటే చోట మెరిసే లైట్లు పెడతామని సిటీ వాళ్ళు రెండేళ్ళ క్రితమే బడ్జెట్‌లో రాసుకున్నారు. ఇంతవరకు పెట్టలేదు. పోయిన నెల ధైర్యం చేసి కౌన్సిల్ మీటింగుకి వెళ్ళాను. మూడు నిమిషాలకి సరిపడా రాసుకుని వెళితే, జనం ఎక్కువ వచ్చారు కాబట్టి అందరికీ ఒక్క నిమిషమే అన్నారు. నాకు ముందు మాట్లాడినాయన పబ్లిక్ వర్క్స్ డైరెక్టర్‌ని పేరు పెట్టి మెచ్చుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నేను అదే పేరు ఎత్తి, "ఈ పని ఎందుకు ఆగిపోయిందో ఆయన చెప్పాలి" అనగానే మేయర్ అడ్డొచ్చి, సిబ్బందిని విమర్శించడం మా నియమాలకి విరుద్ధం అంటూ మైకు ఆపించేశారు. అప్పటికి నాకింకా 20 సెకన్లు ఉన్నాయి. కౌన్సిల్ సభ్యులు ఒక్కరూ నోరు విప్పలేదు. తల కొట్టేసినట్టయింది. మావారేమో, "మనకింకా గ్రీన్‌కార్డే, ఎందుకొచ్చిన గొడవ" అంటున్నారు. రోజూ పాపని స్కూలుకి నడిపించుకెళ్ళేది మా అత్తయ్యగారు. ఆవిడ, "ఈసారి నేనొస్తా, తెలుగులోనే చెబుతా" అని పట్టుబడుతున్నారు. అలా కుదురుతుందా? అసలు నాకు అక్కడ మాట్లాడే హక్కు ఉందా?
— పేరు వద్దన్న పాఠకురాలు, కాలిఫోర్నియా

జవాబు: ఉందమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ 20 సెకన్ల దగ్గరే ఆగిపోయాను. ఎందుకో చెప్పాలి.

కాలిఫోర్నియాలోనే ఒక సిటీ క్లర్క్ ఆఫీసులో 17 ఏళ్ళు పనిచేశాను. మీటింగుల్లో టైమర్ నడిపేది నేనే. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలతో పాటు మైకు ఆపే బటన్ కూడా నా బల్ల మీదే ఉండేది. ఒక రాత్రి ఓ పెద్దాయన వచ్చారు. ఇంటి ముందు కాలిబాట పగిలి ఉంటే దాని మీద తట్టుకుని పడ్డారు, చేతికి కట్టుంది. ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోలేదంటూ ఒక అధికారి పేరు చెప్పారు. సభ నడుపుతున్న అధ్యక్షులు నావైపు చెయ్యి ఊపారు. నేను బటన్ నొక్కాను. మాట ఆగిపోయింది గాని ఆయన పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. మర్నాడు మా సిటీ అటార్నీ, అంటే సిటీకి న్యాయ సలహాదారు, అది చట్టం ఒప్పని పని అని గట్టిగా చెప్పారు, నియమం మార్చారు. ఆ పెద్దాయన మాత్రం మళ్ళీ మా హాల్లో కనిపించలేదు. మీరు అలా ఆగిపోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ఒక్క నిమిషం సంగతి. మీకు కష్టం కలిగించినా అది తప్పు కాదు. జనం ఎక్కువైనప్పుడు సమయం తగ్గించుకునే వీలు కౌన్సిల్‌కి ఉంది, అందరికీ ఒకేలా తగ్గించాలి, అంతే. అందుకే ఎప్పుడు వెళ్ళినా మూడు నిమిషాల కాగితంతో పాటు ఒక్క నిమిషం కాగితం కూడా జేబులో పెట్టుకోండి. అడగాల్సింది మొదటి వాక్యంలోనే అడిగేయండి. పరిచయాలు, ధన్యవాదాలు చివర్లో, సమయం మిగిలితే.

మైకు ఆపడం మాత్రం తప్పే. కాలిఫోర్నియాలో ఇలాంటి సమావేశాలన్నిటికీ 1953 నాటి బ్రౌన్ యాక్ట్ వర్తిస్తుంది. స్థానిక సంస్థల సమావేశాలు ప్రజల ముందే జరగాలనే చట్టం అది. అందులో 54954.3 సెక్షన్ చూడండి. సంస్థ విధానాల మీద, పద్ధతుల మీద, సేవల మీద, కౌన్సిల్ చేసిన పనుల మీద, చేయకుండా వదిలేసిన పనుల మీద ప్రజలు చేసే విమర్శను నిషేధించకూడదని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. లైట్లు పెట్టకపోవడం చేయకుండా వదిలేసిన పని కాక మరేమిటి? దీనికి పైన వాక్స్వాతంత్ర్యాన్ని కాపాడే ఫస్ట్ అమెండ్‌మెంట్, అంటే అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ ఉంది. జనం మాట్లాడటానికి ప్రభుత్వం ఒకసారి వేదిక తెరిచాక, ఏ అంశం మీద, ఎంతసేపు అన్నది నిర్ణయించవచ్చు. ఏ వైపు నుంచి మాట్లాడాలో నిర్ణయించకూడదు. మీకు ముందాయన పొగిడితే విన్నారు, మీరు నిలదీస్తే ఆపేశారు. ఒకే పేరు, ఒకే మైకు, ఒకే సాయంత్రం. ఇంతకంటే తేటగా తప్పు కనిపించే సందర్భం నా ఉద్యోగంలో కూడా అరుదు.

ఉద్యోగులను బహిరంగ సభలో విమర్శించకూడదన్న నియమం కొత్తదేమీ కాదు. మొరీనో వ్యాలీ స్కూల్ బోర్డు ఇలాంటిదే పెట్టుకుంటే 1996లో ఫెడరల్ జిల్లా కోర్టు దాన్ని నిలిపేసింది. మరుసటి ఏడాది విస్టా స్కూల్ బోర్డు నియమానికీ అదే గతి పట్టింది. అయినా ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో ఆ వాక్యం పాత నియమావళిలో అలాగే పడి ఉంటుంది. ఎవరూ అడగకపోతే అది చట్టమే అనుకుంటూ కాలం గడిపేస్తారు.

మర్యాద సంగతి కూడా అడుగుతారేమో. సభ సాగకుండా చేస్తే ఆపవచ్చు. కాని నిజంగానే సభ ఆగాలి, ఎవరికో మనసు నొచ్చుకుంటే చాలదు. శాంటా క్రూజ్ కౌన్సిల్‌లో ఒకాయన నోరు మెదపకుండా నాజీ సెల్యూట్ చేశాడని బయటికి పంపిన కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు 2010లో ఈ మాటే చెప్పింది. కాలిఫోర్నియాలోనే 2022లో వచ్చిన మరో చట్టం ప్రకారం, అల్లరి చేసేవారిని సైతం పంపేముందు హెచ్చరించాలి. దౌర్జన్యానికి దిగినా, నిజమైన బెదిరింపు చేసినా ఆ హెచ్చరిక అక్కర్లేదు. మీరు అడిగిందల్లా ఒక జవాబు.

ఇక వాళ్ళు నోరు విప్పకపోవడం. దానికి మాత్రం మీరు బాధపడకండి. అజెండాలో లేని విషయం మీద చర్చించడానికి, తీర్మానం చేయడానికి బ్రౌన్ యాక్ట్ ఒప్పుకోదు. మామూలు సమావేశానికి 72 గంటల ముందు అజెండా బయట పెట్టాలి. ఆ జాబితా చూసి రాని వాళ్ళకి తెలియకుండా నిర్ణయాలు జరగకూడదని ఈ కట్టుబాటు. క్లుప్తంగా బదులివ్వవచ్చు, సిబ్బందిని నివేదిక తెమ్మనవచ్చు. అందుకే ఈసారి "ఎందుకు చేయలేదు" అని మాత్రమే అడగకండి. "ఈ అంశాన్ని రాబోయే అజెండాలో చేర్చండి" అని అడగండి. ఆ ఒక్క వాక్యం మినిట్స్‌లోకి, అంటే సమావేశంలో జరిగింది రాసే పుస్తకంలోకి ఎక్కితే క్లర్కు ఆఫీసులో దాన్ని వెంబడించే మనిషి ఒకరుంటారు. నేను ఆ మనిషిగా పనిచేశాను కాబట్టి చెబుతున్నాను.

మీవారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పరాయి దేశంలో కాగితాల మీద బతికేవారి భయం నాకూ తెలుసు. చట్టం మాట వరకు చెబుతాను. ఫస్ట్ అమెండ్‌మెంట్‌లో పౌరులు అన్న మాటే లేదు, ప్రజలు అని ఉంది. బ్రౌన్ యాక్ట్ కూడా అంతే. ఆస్ట్రేలియాలో పుట్టి శాన్‌ఫ్రాన్సిస్కో రేవు కార్మికులకు నాయకుడైన హ్యారీ బ్రిడ్జెస్‌ని దేశం నుంచి పంపేయాలని చూసినప్పుడు, ఇక్కడ నివసించే విదేశీయులకూ వాక్స్వాతంత్ర్యం ఉందని సుప్రీంకోర్టు 1945లోనే చెప్పింది. మీ కాగితాల్లో ఏదైనా చిక్కు ఉంటే మాత్రం ముందు మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక్కమాట అనుకోండి. సభకి రావాలంటే పేరు రాయాల్సిందేనని షరతు పెట్టే అధికారం కూడా వాళ్ళకి లేదు.

అత్తయ్యగారిని తప్పకుండా తీసుకెళ్ళండి! ఈ మాట రాస్తుంటే నాకెంత సంతోషంగా ఉందో. అనువాదకుల సాయంతో మాట్లాడేవారికి, అప్పటికప్పుడు చెవిలో వినిపించే అనువాద పరికరం అక్కడ లేకపోతే, కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని అదే 54954.3 సెక్షన్‌లో ఉంది. అందరికీ ఒక్క నిమిషమైతే ఆవిడకి రెండు. మీరే పక్కన నిలబడి అనువాదం చేయండి, ఆ సంగతి ముందురోజే క్లర్కుకి ఈమెయిల్ పెట్టండి. ఆవిడ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. పొద్దున్న ఎనిమిదింటికి చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని ఆ గీతల దగ్గర ఎంతసేపు నిలబడతారో, ఏ వైపు నుంచి కార్లు ఆగకుండా వస్తాయో, అంతే చెప్పమనండి.

వెళ్ళేముందు ఒక పని చేయండి. ఆ రోజు వీడియోలో మీ మైకు ఆగిన నిమిషం, సెకను రాసుకోండి. ముందాయన పొగిడిన నిమిషం కూడా. రెండూ కలిపి, సెక్షన్ నంబరు వేసి, సిటీ క్లర్కుకీ సిటీ అటార్నీకీ మర్యాదగా ఒక పేజీ ఈమెయిల్ పంపండి. చాలా ఊళ్ళలో దీంతోనే సర్దుకుంటుంది. కాకపోతే, అది జరిగిన తొమ్మిది నెలల్లోపు 54960.2 సెక్షన్ కింద ఇలాంటిది ఆపమంటూ లిఖితపూర్వకంగా లేఖ ఇవ్వవచ్చు. వాళ్ళకి జవాబివ్వడానికి 30 రోజులు ఉంటాయి. ఆ మెట్టు దాకా వస్తే లాయర్ని పెట్టుకోండి.

ప్రశ్న: మా టౌన్ బోర్డు సమావేశాల్లో పబ్లిక్ కామెంట్, అంటే ప్రజలు మాట్లాడే సమయం, అసలు పెట్టడమే లేదు. ఇది చట్టవిరుద్ధం కాదా?
— ఒక పాఠకుడు, న్యూయార్క్ రాష్ట్రం

జవాబు: కాదండీ. మీ రాష్ట్రంలోని "ఓపెన్ మీటింగ్స్ లా" అనే చట్టం సమావేశాన్ని చూడటానికి, వినడానికి, రికార్డు చేసుకోవడానికి హక్కు ఇస్తుంది గాని మాట్లాడటానికి ఇవ్వదు. విధానాలు నిర్ణయించేటప్పుడు ప్రభుత్వం అందరి మాటా వినితీరాలన్న హక్కు రాజ్యాంగంలో లేదని సుప్రీంకోర్టు 1984లో మిన్నెసోటా కేసులో చెప్పింది. నది దాటి న్యూజెర్సీకి వెళితే లెక్క వేరు. అక్కడ ఊరి కౌన్సిల్, స్కూల్ బోర్డు ప్రతి సమావేశంలోనూ ప్రజలకు కొంత సమయం కేటాయించాల్సిందే. ఇది నాకు నచ్చని తేడా, కాని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మీకొక దారి మిగిలే ఉంది. బడ్జెట్ ఖరారు చేసేముందు టౌన్ బోర్డు పబ్లిక్ హియరింగ్ జరపక తప్పదు, అక్కడ మీరు మాట్లాడవచ్చు. ఆ నోటీసు టౌన్ క్లర్క్ ఆఫీసు బోర్డు మీద అంటిస్తారు. శరదృతువు మొదలైన దగ్గర్నుంచి అటు వెళ్ళినప్పుడల్లా ఒక కన్నేసి ఉంచండి.