రాజీనామాకీ పంచాంగం చూడాలి

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. విజయవాడలో ఓ ప్రైవేటు కంపెనీలో చేస్తున్నాను. చేతికి 32,000 వస్తుంది. రెండేళ్లుగా శని, ఆదివారాల్లో పెళ్లి మండపాలకు, హల్దీలకు పూల డెకరేషన్ చేస్తున్నాను. ఉద్యోగం మానేసి పూర్తిగా ఫ్లోరల్ డిజైనర్‌గా స్థిరపడాలని ఉంది. బెంగళూరులో ఓ కోర్సుకు 1.6 లక్షలు అడుగుతున్నారు. ఎఫ్‌డీలో 2 లక్షలున్నాయి, చిట్టీ పాడితే ఇంకో లక్షన్నర వస్తుంది. నాన్న ‘ఇంత చదివి పూలమ్ముకుంటావా’ అంటున్నారు. మానేయొచ్చా? ఈమధ్య చేసిన ఓ ఆర్డరు లెక్క కూడా పంపుతున్నాను.

జవాబు: ముందు నాన్నగారి సంగతి. ‘పూలమ్మిన చోట కట్టెలమ్మినట్టు’ అనే సామెతలో పూలమ్మిన రోజులే మంచి రోజులని ఆయనకు ఓసారి గుర్తుచేయండి.

ఇక మీ లెక్క. మండపం, స్టేజీ కలిపి 45,000కి ఒప్పుకున్నారు. పూలకు 21,000, పనివాళ్లకు 9,000, ట్రాలీ ఆటోకు 3,500, ఫోమ్, బైండింగ్ వైరు, ఫ్రేముల అద్దెకు 2,500 పోగా 9,000 లాభం అని రాశారు. ఇందులో మీ కూలి ఎక్కడుంది? తెల్లవారుజామున మార్కెట్‌కు వెళ్లింది మీరు, రాత్రంతా మండపంలో నిలబడింది మీరు, తాళి కట్టాక ఫ్రేములు విప్పించింది కూడా మీరే. ఆ 9,000 మీ రెండు రోజుల కష్టానికే సరిపోయింది.

ఈ లెక్కన ఇప్పటి జీతం రావాలంటే ఏడాదికి 43 ఆర్డర్లు చేయాలి. వారానికొకటి కూడా లేదుగా అనిపిస్తుంది. కానీ పెళ్లిళ్లు వారానికొకటి చొప్పున రావు కదా. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. మూఢం వస్తే మరికొన్ని వారాలు పోతాయి. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం పడింది, మామూలుగా అయితే అవి పెళ్లిళ్ల రోజులు. మంచి ముహూర్తం నాడు ఐదుగురు ఫోన్ చేస్తారు, మీరు చేయగలిగేది ఒకటో రెండో.

పైగా ఆ ముహూర్తం ఊరందరికీ ఒకటే. ఆ రోజు కడియపులంక మార్కెట్లో చామంతి ధర అమాంతం పెరుగుతుంది. మూడు నెలల కిందట మీరు ఒప్పుకున్న 45,000 మాత్రం పెరగదు. అందుకే ఒప్పందంలో పువ్వు పేరు ఒక్కటే కాకుండా రంగు కూడా రాయండి. ‘తెల్ల చామంతి, లేదంటే అదే రంగులో దొరికిన పువ్వు’ అని. నా దగ్గరికొచ్చే డెకరేటర్ ఒకాయన ‘ఆర్కిడ్లే పెడతాం’ అని రాసిచ్చి, ఆ పెళ్లికి చేతి డబ్బు పెట్టుకున్నాడు.

అడ్వాన్సులు జీతం ఖాతాలో కలపకండి. వేరే ఖాతా తెరవండి. పెళ్లి అయ్యేదాకా అది పెళ్లివారి డబ్బే. మీకంటూ నెలకు 20,000 అనుకుని ఒకటో తారీఖున తీసుకోండి. సీజన్లో మిగిలింది స్వీప్ ఎఫ్‌డీలోకి (ఖాతాలో మిగులు దానంతటదే డిపాజిట్‌గా మారే ఏర్పాటు) వెళ్లాలి, ఆషాఢంలో ఇల్లు నడిచేది దాని మీదే.

కోర్సు వద్దంటాను. 1.6 లక్షలతో నేర్చుకునేదాంట్లో చాలా భాగం ఓ పెద్ద డెకరేటర్ దగ్గర ఒక సీజన్ పనిచేస్తే వస్తుంది, ఎదురు డబ్బు కూడా ఇస్తారు. కోల్డ్ రూమ్, సొంత వ్యాన్ ఆలోచన రెండేళ్లు పక్కనపెట్టండి. నిజంగా పెట్టుబడి కావాలనుకుంటే, చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ప్రభుత్వ రుణ పథకం ముద్రలో శిశు కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు.

43 ఆర్డర్లంటే వసూళ్లు 19.35 లక్షలు. సేవలకు జీఎస్టీ పరిమితి 20 లక్షలు. ఇంకో రెండు ఆర్డర్లు ఎక్కువైతే దాటేస్తారు. తాజా పూల మీద పన్ను లేకపోయినా డెకరేషన్ సేవ మీద 18 శాతం ఉంది, ధర చెప్పేటప్పుడే అది మనసులో ఉంచుకోండి. ఆదాయపు పన్ను భయం ఇప్పటికి అక్కర్లేదు, కొత్త విధానంలో 12 లక్షల దాకా పడదు. రిటర్న్ మాత్రం ఏటా వేయండి, రేపు బ్యాంకు అడిగేది అదే.

ఈ వృత్తికి భవిష్యత్తు ఉందా? ఉంది, కానీ మండపాల మీదే ఆధారపడితే కష్టం. ప్లాస్టిక్ పూలు ఒకసారి కొన్నవాడు పదిసార్లు అద్దెకిస్తున్నాడు, ధరలో అతనితో పోటీ పడలేరు. ఎత్తున కనబడే చోట అవి వాడి, చేతికందే చోట అసలు పూలు పెట్టేవాళ్లు నిలదొక్కుకుంటున్నారు. హోటల్ లాబీలకు, షోరూములకు వారం వారం పూలు మార్చే ఒప్పందాలు చూడండి. వాటికి మూఢం లేదు. పెట్టుబడి తక్కువ, పనితనం ఎక్కువ ఉన్న పూలజడలూ అంతే, సీమంతాలకూ ఓణీల ఫంక్షన్లకూ అడుగుతారు.

మానేయడానికి నేను పెట్టే షరతులు మూడు. ఆరు నెలల ఇంటి ఖర్చు ఖాతాలో ఉండాలి. కంపెనీ గ్రూప్ బీమా పోతుంది కాబట్టి ఉద్యోగంలో ఉండగానే సొంత ఆరోగ్య బీమా తీసుకోవాలి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా క్లెయిమ్ రాని వెయిటింగ్ గడువు ఉండొచ్చు, ఆ గడియారం ఇప్పుడే మొదలవ్వాలి. మూడోది, రాబోయే సీజన్‌కు అడ్వాన్సు అందిన ఆర్డర్లు కనీసం 15 ఉండాలి. పీఎఫ్ తీయొద్దు. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది.

చిట్టీ ఇప్పుడే పాడకండి. తొందరపడి పాడితే తగ్గింపు ఎక్కువ పోతుంది, తర్వాత వాయిదాలు ఆషాఢంలోనూ కట్టాల్సిందే.