ఒడిశాలోని రాయగడకి కొత్తగా వచ్చిన చెల్లెమ్మకి: పాప తిండి గురించి

చెల్లెమ్మా, పాప అంగన్‌వాడీలో దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) తింటోంది, ఇంట్లో బిస్కెట్టు తప్ప ముట్టడం లేదు, అక్కడి తిండి మంచిదేనా అని అడిగావు. మంచిదే. కొత్తలో అందరికీ ఈ అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది.

పార్వతీపురం నుంచి మేం వచ్చేసరికి బాబుకి రెండేళ్లు. ఆయన పొద్దున్నే మిల్లుకి వెళ్తే రాత్రికే రావడం. నాకు ఒడియా ఒక్క ముక్క రాదు. అంగన్‌వాడీ దీదీ ఛతువా ప్యాకెట్టు ఇస్తే ఇదేంటని అడగడానికి నోరు పెగల్లేదు. గోధుమ, శనగ, వేరుశనగ, పంచదార కలిపిన పిండి, మన బాలామృతం లాంటిదే. తెలియక పక్కింటికి ఇచ్చేశాను. బాబుకి పొద్దున టీలో బిస్కెట్టు, మధ్యాహ్నం చారన్నం. పలకరించే మనిషి లేని ఇంట్లో వాడు ఏడిస్తే నాకూ ఏడుపొచ్చేది. ఆ ఏడుపు ఆపడానికే ఇంకో బిస్కెట్టు పెట్టేదాన్ని. ఆర్నెల్లకి తూకం వేస్తే కార్డు మీద చుక్క పసుపు రంగులో పడింది, అంటే వయసుకి తగ్గ బరువు లేడని.

ఆ రోజు దీదీ నన్ను వెళ్లనివ్వలేదు, పిల్లల పక్కనే కూర్చోబెట్టింది. దాల్మాలో గుమ్మడి, పచ్చిబొప్పాయి, అరటికాయ ముక్కలు పప్పుతో మెత్తగా ఉడికాయి, పైన వేయించిన జీలకర్ర పొడి. మావాడు గుడ్డు పచ్చసొన వేళ్లతో చిదిపి అన్నంలో కలుపుకుని తిన్నాడు. పక్కన నలుగురు పిల్లలు తింటున్నారు కదా!

మూడేళ్లు దాటిన పిల్లలకి అక్కడ రోజుకి ఇన్ని కేలరీలు, ఇన్ని గ్రాముల మాంసకృత్తులు అందాలని 2013 ఆహార భద్రత చట్టంలో ఉంది. మిగతా వివరాలు దీదీని అడుగు. అది రోజంతటికీ చాలదు, మిగతాది ఇంట్లో పెట్టాలి. టీ మానిపించు, ఒంటికి ఇనుము సరిగా పట్టనివ్వదు. మన చోళ్లనే (రాగులు) ఇక్కడ మండియా అంటారు, సంతలో దొరుకుతాయి. జావ కాచి బెల్లం, వేరుశనగ పొడి కలుపు. పప్పన్నంలో చెంచాడు నెయ్యో నూనో వెయ్యి. చిన్న పొట్ట, కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టు.

ఇవన్నీ నువ్వు చేసుకోగలవు. నా బెంగల్లా నువ్వు తలుపేసుకుని కూర్చుంటావేమోనని. ఇంట్లో పాప ఒక్కతే తింటోంది, నువ్వూ ఒక్కదానివే తింటున్నావు. ఇప్పుడు మావాడు తొమ్మిదో తరగతి, వీధిలోకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు నా దగ్గరికే వస్తారు. అంత మాట నేను నేర్చింది అంగన్‌వాడీ గుమ్మంలోనే. రేపు పాపని దింపి వెంటనే వచ్చేయకు. ఇంకో తల్లి కనిపిస్తే "పిలా ఖాఇలా?" అని అడుగు. పిల్ల తిందా అని. నేను నేర్చుకున్న మొదటి ఒడియా మాట అదే.